జింక పారిపోలేదు

"నా మనిషి చేతికి పట్టీ ఏది?"

నేను అరిచిన అరుపుకు వంటింట్లో గిన్నె కింద పడింది. పడేసింది మా అత్తగారు. ఆవిడ చేతిలోంచి వస్తువు జారిందంటే భయపడి కాదు, ఏదో తెలిసి ఉండబట్టి. పదిహేడేళ్ళ కాపురంలో నేను కూడబెట్టుకున్న జ్ఞానం అంతా అదే.

"ఏ పట్టీ అమ్మాయ్?" అన్నారు లోపల్నుంచే.

"ఏ పట్టీ అంటారేంటత్తయ్యా! ఆటలో నా మనిషి కుడిచేతికి తెల్లగా ఉంటుందే, అది. పొద్దున నేను భుజం నొప్పికి కరెంటు పెట్టించుకోడానికి వెళ్ళేటప్పుడు ఉంది. ఇప్పుడు లేదు."

"ఎక్కడైనా ఊడిపడిందేమో. అటూ ఇటూ చూడు."

ఊడిపడడానికి అదేం జడకు కట్టిన రిబ్బనా? కుర్చీలో కూలబడితే నా పాదాలు వాటంతటవే మిషను పలక మీదికి పోయాయి. మా కంప్యూటరు ఉండేది నా కుట్టుమిషను బల్ల మీదే. మిషను తలను లోపలికి మడిచి, పైన చెక్క వేసి, మూతపడిన ఒక ఆఫీసులోంచి చవగ్గా కొన్న పాత కంప్యూటరు పెట్టాం. ఆట ఆడుతున్నంతసేపూ కింద నా కాళ్ళు ఉత్తినే తొక్కుతూ ఉంటాయి. బట్టల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు తొక్కిన కాళ్ళు, చెబితే వింటాయా?

ఆ పట్టీ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు నా గోల వింతగానే ఉంటుంది. ఆ ఆటలో చేరినవాళ్ళందరూ కొట్టుకు చచ్చేవాళ్ళే. కొండవాళ్ళు, ఏటివాళ్ళు అని రెండు పక్షాలు, మధ్యలో ఒక రాతి వంతెన. చేరిన రోజున నాకూ కత్తి ఇస్తామన్నారు. వద్దు, కత్తెర చాలన్నాను. దర్జీ పని తీసుకున్నాను. ఏడాదిపాటు ఏ ప్రాణి మీదా చెయ్యెత్తకుండా, ఎవరి చేతా చావకుండా నెట్టుకొస్తే అప్పుడు కడతారు ఆ తెల్ల పట్టీ. అది ఉన్నవాళ్ళను ఎవరూ కొట్టకూడదు, వాళ్ళు ఎవరినీ కొట్టకూడదు. వంతెన మీద కాపలావాడు వాళ్ళను మాత్రమే అటూ ఇటూ తిరగనిస్తాడు.

ఏటివైపు ఉన్ని చవక. కొండమీద చలి ఎక్కువ. ఇటు కొని, కుట్టి, అటు అమ్మడం, అంతే నా వ్యాపారం. వచ్చిన బంగారాన్ని ఒక దళారి పుచ్చుకుని మా ఖాతాలో నిజం డబ్బు వేస్తాడు. మా మెట్ల మీద ఎదురైనవాళ్ళందరూ నవ్వారు. నవ్వనీ. లిఫ్టుల కంపెనీ మూతపడి మా ఆయన ఎనిమిది నెలలుగా ఇంట్లో ఉంటే, ఈ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆ తెల్ల గుడ్డపేలికే.

"పిచ్చుకా! ఇలా రా!"

పిచ్చుకంటే మా అమ్మాయి. పదహారేళ్ళు వచ్చినా చిన్నప్పటి పేరు పోలేదు, ఆ సన్నపు కాళ్ళూ పోలేదు. చేతిలో పుస్తకంతోనే వచ్చింది.

"నా మనిషిని నువ్వు గాని తీశావా?"

"నేనా? లేదే!"

"నిజం చెప్పు. నీకు సంకేతపదం తెలుసు. నీకు కొట్లాటలంటే సరదా. ఒకప్పుడు ఆడినదానివే కదా!"

"అమ్మా, ఒట్టు! పరీక్షలని ఆట మానేసి ఆర్నెల్లయింది. నీ మనిషిని నేనెందుకు ముట్టుకుంటాను? ఇవాళ ఏ రోజో నాకు తెలీదా?"

ఆ మాట అంటూ పుస్తకం మూసేసింది. తొందరపడ్డానని నాకప్పుడే తెలిసింది.

ఇవాళ ఏ రోజో ఈ ఇంట్లో గోడలక్కూడా తెలుసు. మూడు నెలల క్రితం మేమందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. మూడు నెలలు వరసగా ఆటలో ఫ్యాక్టరీ జీతమంత వస్తే నేను ఇల్లు కదలను. ఒక్క నెల తగ్గినా కొత్త ఫ్యాక్టరీకి వెళ్ళిపోతాను. అది ఊరికి చాలా దూరం. హాస్టల్లో ఉండాలి, రెండు నెలలకోసారి ఇంటికి పంపుతారు. పాత ఫ్యాక్టరీలో మా కుట్టు లైనుకు పెద్ద, లైను మేడమ్ అంటాం, ఇప్పుడు అక్కడే ఉంది; నాకోసం ఒక చోటు ఆపి ఉంచింది. రెండు నెలలూ జీతం నిండింది. మూడో నెలకు ఇవాళే ఆఖరు. నిన్నటికి కుట్టిన నలభై ఉన్ని అంగీలు ఏటివైపు పెట్టెలో ఉన్నాయి. సాయంత్రం ఆరింటిలోగా వాటిని కొండమీద గుర్రాలాయనకు అందిస్తే చాలు. ఐదింటికి మేడమ్ ఫోను. రానని చెప్పడానికి మూడు రోజులుగా మనసులో మాటలు కూర్చుకుంటున్నాను.

పిచ్చుక కళ్ళు తుడుచుకుని నా పక్కనుంచి వంగి ఏదో నొక్కింది. "నీ మనిషి ఏ రోజు ఏం చేసిందో ఇక్కడ రాసుంటుందమ్మా. ఉండు."

పొడవాటి పట్టిక వచ్చింది. అంగీ కుట్టింది, అంగీ కుట్టింది, ఉన్ని కొంది, అంగీ కుట్టింది. నాలుగేళ్ళ నా బతుకు అలా వరసగా కిందికి దిగిపోతోంది. అన్నిటికీ పైన, ఇవాళ్టి తేదీ పక్కన, పొద్దున తొమ్మిదీ నలభై అని వేసి ఒకటే ఒక ముక్క ఉంది.

"జింక, ఒకటి."

దాని పక్కన బంగారు రంగు బిళ్ళ ఒకటి మెరుస్తోంది. మొదటి వేటకు అభినందనలట!

పిచ్చుక నోటిమీద చెయ్యి వేసుకుంది. నేను వంటింటి వైపు చూశాను. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. పడిన గిన్నె ఇంకా తియ్యలేదు.

"అత్తయ్యా, పొద్దున ఇక్కడ ఎవరు కూర్చున్నారు?"

"నన్నడుగుతావేం?"

"మిమ్మల్నే అడుగుతున్నాను."

ఆవిడ నైటీలో ఉన్నారు, కొంగు లేదు కాబట్టి చేతిలో ఉన్న మసిగుడ్డనే మెలిపెట్టారు. "వాడు మంచికే చేశాడమ్మాయ్. నేను పక్కనే కూర్చుని చూశాను. నాకూ అయ్యో పాపం అనిపించింది. కానీ వాడు తోలు కోసం అన్నాడు, నేనేం మాట్లాడను?"

తోలు!

పిచ్చుక వెళ్ళి తండ్రిని పిలుచుకొచ్చింది. ఆయన లిఫ్టు గుంటలో ఉన్నారు. మా భవనంలో లిఫ్టు ఎప్పుడు ఆగినా బాగుచేసేది ఆయనే, ఉచితంగా. పని ఉన్నా లేకపోయినా ఆ గుంటలోకి దిగుతారు. ఇవాళ మాత్రం నాకు మొహం చూపించలేక దిగారని మెట్ల మీద అడుగుల చప్పుడులోనే తెలిసింది. చేతులకు నల్లటి గ్రీజు. వాటిని ముందుకు చాపుకుని, ఎక్కడా తగలకుండా, గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"లోపలికి రండి," అన్నాను.

"చేతులు..."

"చేతుల సంగతి తర్వాత. రండి."

వచ్చారు. తెర వైపు చూసి, బిళ్ళను చూసి, కళ్ళు తిప్పుకున్నారు.

"నిన్న నువ్వే అన్నావు కదా," అన్నారు చివరికి. "తోలు ధర మండిపోతోంది, అంగీకి వేసే తోలు అంచుకే లాభం సగం పోతోంది అని. రాత్రంతా అదే ఆలోచించాను. కోట గోడ దాటితే ఎదురుగా జింకలు మేస్తూనే ఉంటాయి. కళ్ళ ముందు ఊరికే తిరుగుతున్నదాన్ని డబ్బు పెట్టి కొనడమెందుకు అనిపించింది."

ఆయన పద్ధతే అంత. రోడ్డు మీద మేకు కనబడితే జేబులో వేసుకునే మనిషి. ఈ ఇంట్లో ప్రతి తలుపు గడియా ఏదో ఒక పాత లిఫ్టులోంచి ఊడదీసిందే. కొన్న వస్తువు చూస్తే ఆయనకు ప్రాణం విలవిల్లాడుతుంది. నాకు భుజం నొప్పెట్టినప్పుడు కుట్టు మీట నొక్కిపెట్టడానికి నేనే ఆయనకు సంకేతపదం ఇచ్చాను. నేనే నేర్పాను. ఎవరిని తిట్టుకోను?

"మీకు కత్తి ఎక్కడిది?" అంది పిచ్చుక.

"కత్తి లేదు. కత్తెరతోనే."

"కత్తెరతోనా!"

"పావుగంట పట్టింది." ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "కొడుతుంటే పరిగెడుతుందనుకున్నాను. అది కదల్లేదు. అలాగే నిలబడి నావైపు చూసింది."

"పట్టీ ఉన్నవాళ్ళను చూస్తే జింకలు బెదరవు నాన్నా," అంది పిచ్చుక. "అమ్మను చూసి ఏ రోజూ బెదరలేదు. దగ్గరికొచ్చి మూతి పెట్టేవి."

అత్తగారు వెళ్ళి గిన్నె తీశారు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "మొదలుపెట్టే ముందు తెరమీద ఒక డబ్బా వచ్చి ఉంటుంది. ప్రాణిని కొడితే పట్టీ పోతుందని అందులో రాసి ఉంటుంది. చదవలేదా?"

"వచ్చింది."

"ఏముంది అందులో?"

"ఏదో ఉంది. కింద సరే అని ఉంది. నొక్కాను."

"చదవకుండానే?"

"అలాంటి డబ్బాలు రోజుకు పది వస్తాయి కదా! ఏదొచ్చినా సరే అనడమే నాకు అలవాటు. నీ దగ్గరా అంతేగా."

ఆ చివరి మాటకు మామూలు రోజయితే నేను నవ్వి ఉండేదాన్ని. ఆయనా నవ్విద్దామనే అన్నారు, పాపం. ఎవరూ నవ్వకపోయేసరికి గ్రీజు చేతుల్తోనే మొహం తుడుచుకున్నారు. బుగ్గమీద నల్లటి చార పడింది.

"ఆ తోలేదీ? కనీసం అదైనా చూద్దాం," అన్నారు అత్తగారు. ఆవిడకు ఎప్పుడూ ఏదో ఒకటి మిగలాలి.

తెరమీద నా మనిషి సంచీ తెరిచాను. అడుగున ఒకటే ఒక చర్మం. మొదటి వేట గుర్తు, అమ్మడానికి వీల్లేదు, కొయ్యడానికి వీల్లేదు, పారెయ్యడానికి కూడా వీల్లేదు అని దాని కింద రాసి ఉంది.

"ఇదేం దిక్కుమాలిన ఆటే!" అన్నారు అత్తగారు.

పిచ్చుక మాత్రం చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. కంపెనీకి ఉత్తరం రాస్తానంది. తండ్రి చేతిలో జరిగిన పొరపాటు, తల్లి నాలుగేళ్ళ కష్టం, ఇంటి పరిస్థితి, అన్నీ రాసింది. చదువుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. పంపిన రెండు నిమిషాలకే జవాబు వచ్చింది. అంత తొందరగా వచ్చేసరికి మా అందరికీ ఆశ పుట్టింది. అత్తగారు చెంబు కింద పెట్టి మరీ వచ్చారు.

"మా ఆట ఆడుతున్నందుకు ధన్యవాదాలు," అని చదివింది పిచ్చుక. "మీరు ఇష్టపూర్వకంగా ఒప్పుకున్న మార్పులను వెనక్కు తిప్పడం కుదరదు. మీ కొత్త వీరజీవితం ఆనందంగా సాగాలని కోరుకుంటున్నాం."

"అంటే?" అన్నారు మా ఆయన.

"అంటే అంతే నాన్నా."

"ఇంకోసారి రాయి. మనిషెవరైనా చదువుతారేమో."

మళ్ళీ రాసింది. మళ్ళీ రెండు నిమిషాలకు అదే జవాబు, అక్షరం పొల్లు పోకుండా. మూడోసారి రాయమని ఎవరం అనలేదు.

అప్పటికి రెండున్నర దాటింది. మధ్యాహ్నం భోజనం ఎవరూ తలపెట్టలేదు.

గుర్రాలాయనతో మాట్లాడదామనుకున్నాను. కొండవాళ్ళలో ఒక దండుకు పెద్ద ఆయన. ఆటలో గుర్రాలు పెంచుతాడు కాబట్టి ఆ పేరు. అసలు పేరు నాకు తెలీదు, ఏ ఊరో తెలీదు. మూడేళ్ళుగా నా దగ్గరే బట్టలు. ఇయర్‌ఫోన్లు తగిలించుకుని ఆటలోంచే పిలిచాను.

"చెప్పండక్కా! అంగీలు బయల్దేరాయా?" అన్నాడు. వెనకాల ఎక్కడో చంటిపిల్ల ఏడుస్తోంది.

జరిగింది చెప్పాను.

"పట్టీ పోయిందా? మీదా?" అన్నాడు. "మా పిల్లలు కొత్తగా చేరితే మిమ్మల్ని చూపించేవాణ్ణక్కా. నాలుగేళ్ళలో ఒక్క దెబ్బ కొట్టని మనిషి అని."

"అదంతా ఇప్పుడెందుకు తమ్ముడూ. నువ్వే ఎవరినైనా పంపి అంగీలు తెప్పించుకోకూడదూ? ఇక్కడ పెట్టెలో సిద్ధంగా ఉన్నాయి."

"రేపు పొద్దున యుద్ధం. అప్పటిదాకా సంధి. ఇవాళ మావాడొక్కడు వంతెన దిగినా సంధి పోయినట్టే. పట్టీ ఉన్న ఇంకెవరికైనా ఇచ్చి పంపండి."

"తేనె అమ్మే ఆవిడ ఒకరున్నారు. ఆవిడ రాత్రి ఎనిమిది తర్వాత గాని ఆటలోకి రాదు."

"ఎనిమిదంటే మాకు కుదరదక్కా. ఆరింటికి లెక్క తేలిపోవాలి, నా చేతిలో లేదది. నాకు మీరంటే గౌరవం. కానీ అంగీలు చేతికి రాకుండా దండు బంగారం ఇవ్వలేను. మావాళ్ళు ఊరుకోరు."

"నేనడగలేదు కదా తమ్ముడూ."

"అడగలేదు. అందుకే చెబుతున్నా." మళ్ళీ చంటిపిల్ల ఏడుపు. "పిల్లకు పాలు పట్టాలి, ఉంటానక్కా."

మంచివాడు. మంచివాడైతే మాత్రం ఏం చెయ్యగలడు? ఇయర్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాను.

"కొత్త మనిషిని మొదలుపెడదాం," అన్నారు మా ఆయన. "రాత్రింబవళ్ళు నేను కూర్చుంటాను. నువ్వు చెప్పు, నేను నొక్కుతాను."

"ఏడాది పడుతుంది. తొందరపెడితే తగ్గేది కాదది."

"పోనీ ఉన్నదాంతో కొట్లాటలే నేర్చుకుంటే? అందరూ దానిమీదే సంపాదిస్తున్నారుగా!"

"ఎవరు నేర్చుకుంటారు? మీరా? జింకకు పావుగంట పట్టిందన్నారు."

అనగానే నాలుక కరుచుకున్నాను. ఆయన తల దించుకున్నారు. ఈ మనిషిని నేను ఇంకేమీ అనకూడదు అనుకుంటూనే అనేస్తాను, అదేం నోరో!

అత్తగారు అప్పుడు అందుకున్నారు. "ఎందుకురా అంతలా కుములుతావ్? ఫ్యాక్టరీ ఉంది, జీతం ఉంది. కోడలు వెళ్తే వెళ్తుంది. నేను లేనూ? పిల్లను చూసుకోనూ? ఇంతకుముందు చూసుకోలేదూ?"

ఆ మాట ఆవిడ మంచికే అన్నారు. కానీ అది పడ్డ చోటు వేరు.

ఇంతకుముందు అంటే పిచ్చుకకు ఆరేళ్ళప్పుడు. అప్పుడూ ఇలాగే ఒక ఫ్యాక్టరీ, ఇలాగే ఒక హాస్టలు. ఏడాదిపాటు ఒక్కసారీ ఇంటికి రాకుండా పనిచేసి తిరిగొచ్చాను. సంచీ గుమ్మంలో పెట్టి చేతులు చాపితే పిల్ల నానమ్మ వెనక్కు వెళ్ళి నక్కింది. ఎవరో ఆంటీ వచ్చింది నానమ్మా, అంది. ఆ రోజు నేను స్నానాల గదిలో కొళాయి తిప్పి ఎంతసేపు ఏడ్చానో నాకే తెలుసు. మళ్ళీ ఇల్లు వదలనని ఆ గదిలోనే ఒట్టు పెట్టుకున్నాను. అది ఎవరికీ చెప్పలేదు. మా ఆయన మాత్రం కనిపెట్టారు. అందుకే ఇవాళ కత్తెర పట్టుకుని జింక మీదికి వెళ్ళారు. నన్ను ఇంట్లో ఉంచుకోవడానికే ఆ జింకను చంపారు. ఈ సంగతి తెలిశాక ఆయన్ని ఏమని తిట్టను?

"నువ్వు ఊరుకోవే అమ్మా," అన్నారాయన తల్లితో.

"నేనేమన్నానురా?"

"ఏమీ అనలేదు. ఊరుకో."

కింద ఎవరో లిఫ్టు మీట నొక్కినట్టున్నారు, అది సగం కదిలి ఆగిపోయిన చప్పుడు వినిపించింది. మామూలుగా అయితే ఆయన వెంటనే లేస్తారు. ఇవాళ లేవలేదు.

నాలుగూ నలభై అయింది. నాకేమనిపించిందో ఏమో, లేచిన చెయ్యి లేచినట్టే మీటల మీదికి పోయింది. నా మనిషిని పెట్టె దగ్గరికి నడిపించాను. నలభై అంగీలూ తీసి వీపున వేసుకున్నాను.

"ఏం చేస్తున్నావమ్మా?" అంది పిచ్చుక.

"వంతెన దాటుతున్నా."

"కాపలావాడు చంపేస్తాడు!"

"మూడేళ్ళుగా పలకరిస్తున్నాడు. రోజుకు నాలుగుసార్లు. ఒక్కసారి చూసీ చూడనట్టు వదిలెయ్యడా?"

"వాడు మనిషి కాదమ్మా! కంప్యూటరే వాడు. పట్టీ ఉందా లేదా, అంతే చూస్తాడు."

అది నాకు తెలీదా? తెలుసు. అయినా ఆ గొంతు నాకు చెవుల్లోనే ఉంది. దారి వదలండి, దర్జమ్మ వస్తోంది అంటాడు. ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు పనిచేస్తే గేటు దగ్గర ఒక్కడు నా కోసం దారి వదలమనలేదు.

"పోనీ ఒక్క అంగీతో వెళ్ళమ్మా. మిగతావి పెట్టెలో ఉంచు."

"ఆరింటి తర్వాత అవి పెట్టెలో ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

"వెళ్ళనీ," అన్నారు మా ఆయన నెమ్మదిగా. "ఎవరికి తెలుసు."

ఆయన వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. అత్తగారు కూడా వచ్చారు. ఈ ఆటను మూడేళ్ళుగా పనికిమాలిన సంత అన్న మనిషి, కళ్ళజోడు తుడుచుకుని మరీ నిలబడ్డారు.

వంతెన మీద మంచు పడుతోంది. నా కాళ్ళు కింద మిషను పలకను తొక్కుతున్నాయి, తెరమీద నా మనిషి నడుస్తోంది. మధ్యకు వచ్చేసరికి ఆ కాపలావాడు కనిపించాడు. అదే ఇనపటోపీ, అదే వంకర ముక్కు. నేను వేగం తగ్గించలేదు. రోజూ ఎలా వెళ్తానో అలాగే వెళ్ళాను.

"ఆగు," అన్నాడు.

ఆ గొంతులో ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. ఎవరినో అంటున్నాడనుకుని నిజంగానే వెనక్కి తిరిగి చూశాను.

మొదటి దెబ్బకు నా మనిషి మోకాళ్ళమీద పడింది. "అయ్యో, ఆడమనిషిరా!" అన్నారు అత్తగారు తెరతో. రెండో దెబ్బకు పిచ్చుక నా భుజం పట్టుకుంది, నొప్పున్న భుజమే. మూడో దెబ్బకు తెరంతా బూడిదరంగుకు తిరిగింది. నాలుగేళ్ళలో నేను ఒక్కసారి కూడా చావలేదు. చస్తే ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. పెద్దగా ఏమీ ఉండదు. చప్పుడు పోతుంది, అంతే.

నలభై అంగీలూ కాపలావాడికి ఇవతలే, రాళ్ళమీద చెల్లాచెదురుగా పడ్డాయి. వాటికి నేను వేసిన కాలర్లు, లోపలి కుట్టు, చేతులకు పెట్టిన మడత, అన్నీ పైనుంచి కనిపిస్తున్నాయి. ఏటివైపు నుంచి ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఒకడు ఒక అంగీ తీసి తొడుక్కుని గిరగిరా తిరిగాడు. బాగుందిరా అని రాశాడు. రెండోవాడు అయిదారు ఏరుకున్నాడు. ఇంకెవరో వచ్చారు. రెండు నిమిషాల్లో వంతెన ఖాళీ అయింది.

"నావి అని చెప్పమ్మా! అరవమ్మా!" అంది పిచ్చుక.

"చచ్చినవాళ్ళకు మాట్లాడ్డం కుదరదే," అన్నాను. నా కాళ్ళు ఎప్పుడు ఆగిపోయాయో నాకు తెలీదు. పలక చప్పుడు లేకపోతే ఈ గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని కూడా తెలీదు.

మా ఆయన వెళ్ళి చేతులు కడుక్కున్నారు. సబ్బు రెండుసార్లు పట్టించారు. గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు.

సరిగ్గా ఐదింటికి ఫోను మోగింది. లైను మేడమ్. ఆవిడ ఫ్యాక్టరీలోనూ అంతే, గంట కొట్టేలోగా గుమ్మంలో ఉండేది.

ఫోను బల్లమీద వణుకుతూ పక్కకు జరుగుతోంది. నేను చెయ్యి చాపాను. పిచ్చుక నా కుడి మణికట్టు పట్టేసుకుంది.

"ఎత్తకమ్మా."

"వదులు."

"ఇవాళ ఎత్తకు. రేపు చేస్తే చూద్దాం."

"ఆ చోటు రేపటిదాకా ఉండదే."

"ఉండకపోతే పోనీ!" దాని పట్టు బిగిసింది. సన్నపు వేళ్ళే, కానీ ఎంత బలమో. "నేను చిన్నపిల్లని కాదమ్మా. నాకూ గుర్తుంది. నువ్వొచ్చిన రోజు నేనేమన్నానో నాకు గుర్తుంది."

పదేళ్ళు నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఇది కూడా మోస్తోందన్నమాట.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది. ఇంకో రెండుసార్లు మోగి ఆగిపోతుంది. ఆగిపోతే బాగుండునని ఉంది, ఆగిపోతే ఎలాగా అని ఉంది. అత్తగారు నా మొహం చూశారు, కొడుకు మొహం చూశారు.

మా ఆయన ఫోను తీశారు.

"ఆ, నమస్తే మేడమ్. నేనండీ, వాళ్ళాయన్ని." గొంతు సవరించుకున్నారు. "వస్తుందండీ. ఎల్లుండి పొద్దున నేనే తీసుకొచ్చి దింపుతాను."

అవతల ఆవిడ ఏదో అడిగింది. ఆయన విన్నారు. అడ్డు తగలకుండా, తొందరపడకుండా, చివరిదాకా విన్నారు. "హాస్టలు నియమాలు తెలుసండీ. ఆరు నెలలు మానకూడదన్నది కూడా తెలుసు. మీరు పంపిన కాగితం చదివాను. రెండుసార్లు చదివాను."

ఆ కాగితం వచ్చి వారమైంది. నేను మడతైనా విప్పలేదు. ఎప్పుడు చదివారు? లిఫ్టు గుంటలో కూర్చునా?

ఆయన ఫోను నావైపు చాపారు. "నీ నోటితో ఒక్క మాట చెప్పాలిట."

బుగ్గమీద గ్రీజు చార అలాగే ఉంది. చేతులు కడుక్కున్నారు గాని మొహం చూసుకోలేదు. నేను ఆయన కళ్ళలోకి చూశాను. ఈసారి తల దించుకోలేదు. ఎదురుగా డబ్బా వస్తే చదవకుండా సరే అనే మనిషి, ఇవాళ మాత్రం ప్రతి అక్షరమూ చదివే సరే అన్నారు.

"హలో, లైన్లో ఉన్నావా?" అంటోంది మేడమ్. "వింటున్నావా అమ్మా?"

నా కుడి మణికట్టు పిచ్చుక చేతిలోనే ఉంది. అది వదల్లేదు. నేను విడిపించుకోలేదు.

ఫోను ఎడమచేత్తో అందుకున్నాను.